మదనపల్లెను నమ్ముకున్న వైద్యుడు

ఈ పుటలో క్షేత్ర మహిమలను, వ్రత విధానాలను, భాగవతోత్తముల చరిత్రలను చదవడం మీకు అలవాటు. ఈ వారం మీ ముందుంచుతున్నది మన సంప్రదాయానికి చెందని ఒక మహనీయుని జీవితం. ఆయన క్రైస్తవ మతబోధకుడు. మన విగ్రహారాధనను ఆయన అంగీకరించలేదు. మన వారిని తన మతంలోకి మళ్ళించాలనే సంకల్పంతోనే సముద్రాలు దాటి వచ్చారు. అటువంటి వాని చరిత్రను ఒక అర్చకుడు ఎందుకు వ్రాయాలి, దానిని పూజామందిరం ఉన్న ఇంట ఎందుకు చదవాలి అన్న సందేహం మీకు కలిగితే, అది న్యాయమైన సందేహమే. ముందుగా చరిత్రను సావధానంగా చదవండి. ఆపైన సందేహం సంగతి కలిసి విచారిద్దాం.

ఆయన పేరు జాకబ్ చాంబర్లేన్. 1835లో అమెరికాలో పుట్టి, 1908లో మన మదనపల్లెలో కన్నుమూశారు. ఆ రెండు తేదీల మధ్య నలభై ఎనిమిదేండ్ల అనుబంధం ఈ దేశంతో, అందులో అధిక భాగం మన తెలుగు గడ్డతో పెనవేసుకున్నది.

మూడు భాషల మెరక సీమ

మన రాయలసీమకు దక్షిణపు కొసన కుప్పం ఉంది. అటు తమిళ దేశం, ఇటు కన్నడ దేశం ఆ ఊరికి కూతవేటు దూరం. పూర్వం అది కంగుంది జమీందారీకి ముఖ్యస్థానం. అక్కడి నుంచి ఉత్తరంగా పలమనేరు మీదుగా వస్తే పుంగనూరు. జమీందారీ సంస్థానంగా పేరొందిన ఊరు. గజమంతైనా ఎత్తు లేకపోయినా చిక్కని పాలిచ్చే పుంగనూరు ఆవు వలన ఆ ఊరి పేరు నేడు దేశమంతటా వినబడుతోంది. ఇంకా ఉత్తరానికి సాగితే హార్స్‌లీ కొండల చేరువన మదనపల్లె. సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైబడిన ఎత్తున ఉండడం వలన చల్లని గాలికి, ఆరోగ్యకరమైన నీటికి అది పేరు పొందింది.

భక్తికి కొరత లేని సీమ ఇది. వేంకటాచలపతికి జీవితాన్ని అర్పించుకుని, తిరుమలలో అన్నదానం నెలకొల్పిన తరిగొండ వెంగమాంబ పుట్టిన ఊరు మదనపల్లెకు దాపుననే ఉంది. అయితే పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలంలో ఈ సీమ ప్రజకు కొరత పడినది వైద్యం. నాటు వైద్యులు ఉన్నారు. ఆయుర్వేదం ఎరిగిన పెద్దలు అక్కడక్కడ ఉన్నారు. కాని తిరునాళ్ళ వెంట కలరా వచ్చినా, ఊరిమీద మశూచి విరుచుకుపడినా, కడుపులో బిడ్డ అడ్డం తిరిగినా దిక్కు తోచేది కాదు. కలరాకు కారణం ఏమిటో ఆనాటికి లోకంలో నిశ్చయంగా తేలలేదు. చలిజ్వరం దోమ వలన వస్తుందని 1897లో సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ నిరూపించేదాకా ఎవరికీ తెలియదు. ఆ రోజులలో మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటు జిల్లాలోను ఉండేవి. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో.

సముద్రం దాటి వచ్చిన యువకుడు

చాంబర్లేన్ 1835 ఏప్రిల్ 13న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, షారన్ అనే ఊరిలో జన్మించారు. పసితనంలోనే కుటుంబం ఒహాయో రాష్ట్రానికి తరలిపోయింది. అక్కడే పెరిగి, 1856లో పట్టభద్రులై, 1859లో వేదాంత విద్యాలయంలో చదువు ముగించారు. మతబోధకునికి ఆ చదువు చాలు. కాని తాను వెళ్ళబోయే దేశంలో మాటకంటె ముందు మందు అవసరమవుతుందని గ్రహించిన ఆ యువకుడు వైద్యశాస్త్రాన్ని కూడా అభ్యసించారు. ఆ ఏడే షార్లెట్ అనే యువతిని వివాహమాడి, సంవత్సరాంతంలో ఓడ ఎక్కారు. అప్పటికి సూయజ్ కాలువ లేదు. నెలల తరబడి సముద్రం మీద ప్రయాణించి, 1860లో మద్రాసు చేరుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఐదు.

వారు చేరినది ఆర్కాటు మిషన్. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి అనే క్రైస్తవ శాఖకు చెందిన సంస్థ అది. దానిని 1853లో నెలకొల్పినవారు స్కడ్డర్ సోదరులు. ఆ వంశంలోని ఆడపడుచు ఐడా స్కడ్డరే తరువాతి కాలంలో వేలూరు వైద్య కళాశాలను, ఆసుపత్రిని నిర్మించిన పుణ్యాత్మురాలు. మీలో ఎందరో తమవారిని తీసుకుని ఆ వేలూరు వాకిట నిలిచి ఉంటారు. ఆ వైద్యాలయానికి, మన మదనపల్లె కథకు మూలం ఒక్కటేనని గుర్తించండి.

చాంబర్లేన్ మొదట పలమనేరులో ఉండి తెలుగు నేర్చుకున్నారు. 1863లో మదనపల్లెకు మకాం మార్చారు. పలమనేరు నుంచి పుంగనూరు మీదుగా సాగే ఆ బాట ఆ తరువాత ఆయనకు ఇంటి వాకిలి వంటిదైపోయింది. గుర్రం మీద, ఎద్దుబండి మీద ఈ సీమ పల్లెలన్నీ ఆయన తిరిగారు. గుడారమే ఇల్లుగా, రచ్చబండే వేదికగా ఏళ్ళు గడిచాయి.

అడవిలో ఒక రాత్రి

1863లోనే ఆయన ఒక సాహసయాత్ర చేశారు. నలుగురు సహాయకులను వెంటబెట్టుకుని, మందుల పెట్టెలు, పుస్తకాల మూటలు బండ్లకెత్తి, నిజాము రాజ్యం మీదుగా గోదావరీ తీరారణ్యాలను దాటి మధ్య భారతం దాకా సుమారు 1200 మైళ్ళు సంచరించి వచ్చారు. ఆ యాత్రలోని అనుభవాలను ఆయన తన గ్రంథాలలో వివరంగా వ్రాసుకున్నారు. వాటిలో రెండింటిని మీకు చెప్పక తప్పదు.

ప్రాకారం కల ఒక పట్టణంలో ఆయన బోధను వినడానికి నిరాకరించిన జనం రాళ్ళు చేతబట్టి చుట్టుముట్టారు. పారిపోవడానికి దారి లేదు. ఆయన వారిని ఒక్కటే కోరారు. రాళ్ళు విసిరే ముందు ఒక్క కథ వినండని బతిమాలారు. మన జనానికి కథ అంటే ఎంత ప్రీతియో మీకు తెలియనిది కాదు. ఆయన తన దేవుని కథను, ఆ దేవుడు అనుభవించిన యాతనను తెలుగులో చెప్పసాగారు. కొంతసేపటికి కొందరి కళ్ళు చెమ్మగిల్లాయి. పట్టిన రాళ్ళు ఒక్కటొక్కటిగా నేలమీదికి జారాయి. ఆ ఘట్టంలో కథ చెప్పినవాని ధైర్యం ఎంతటిదో, విని మనసు మార్చుకున్న మన పూర్వుల సహృదయత కూడా అంతటిదే.

రెండవది గోదావరి వరదల నాటి సంగతి. పులులు తిరిగే అడవి. మోత కూలీలు భయంతో వణికిపోతున్నారు. ముందున్న ఏర్లు పొంగి దారి మూసుకుపోయింది. ప్రొద్దు గూకుతోంది. పొడినేల ఎక్కడా కనిపించడం లేదు. అప్పుడు ఆయన గుర్రం మీదనే కన్నులు మూసుకుని భగవంతుని ప్రార్థించారు. నది వైపు తిరుగు అని అంతరంగంలో ఎవరో చెప్పినట్లయింది. అటు వెళ్ళి చూస్తే, ఎగువన కట్టు తెగి వరదలో కొట్టుకువచ్చిన ఒక పెద్ద పడవ ఆ ఒడ్డునే ఆగి ఉంది. ఆ రాత్రి అందరూ పడవలో తలదాచుకున్నారు. ఒడ్డున పులులు గాండ్రిస్తూనే ఉన్నాయి.

సర్వశక్తులూ ఉడిగిన వేళ గజేంద్రుడు ఎవరిని పిలిచాడో, ఆ పిలుపు ఎంత త్వరగా వైకుంఠం చేరిందో మనం ఇంటింటా చెప్పుకుంటాం. ఆర్తుని పిలుపుకు భాషాభేదం ఉండదు. ఏ పేరుతో పిలిచినా అందుకునేవాడు ఒక్కడే అన్నది మన విశ్వాసం. చాంబర్లేన్ ఈ మాటను ఒప్పుకొని ఉండరు. మనం మాత్రం మన విశ్వాసంతోనే ఆయన అనుభవాన్ని అర్థం చేసుకోవచ్చు.

ఆ అడవుల్లో పట్టుకున్న జ్వరం ఆయనను జీవితాంతం విడిచిపెట్టలేదు. ఆరోగ్యం చెడి కొంతకాలం స్వదేశానికి వెళ్ళవలసి వచ్చినా, తిరిగి మదనపల్లెకే వచ్చారు.

వాకిట నిలిచిన రోగులు

పలమనేరులోను, మదనపల్లెలోను ఆయన ఆసుపత్రులు నడిపారు. తెల్లవారేసరికి వసారాలో రోగులు బారులు తీరేవారు. వ్రణాలు పుచ్చినవారు, కంటిచూపు మందగించినవారు, జ్వరపీడితులు, తల్లుల ఒడిలో మూలిగే పసిబిడ్డలు. పల్లెల నుంచి బండ్లలో వచ్చినవారు చెట్ల క్రింద పొయ్యి పెట్టుకుని వండుకునేవారు. తెలుగు, తమిళం, కన్నడం, హిందుస్తానీ మాట్లాడేవారందరూ ఒక్కచోట కూడిన ఆ వసారా ఈ సీమకంతకూ అద్దం పట్టినట్లు ఉండేది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మందు ఇచ్చే ముందు అక్కడ బైబిలు పఠనం, ప్రార్థన జరిగేవి. వైద్యం ఆయనకు సేవయే కాక మతబోధకు దారి కూడా. ఆ విషయాన్ని ఆయన ఎన్నడూ దాచుకోలేదు. మన వారిలో కొందరికి ఆనాడు అది రుచించలేదు, నేడూ రుచించకపోవచ్చు. అయితే విన్నవాడు తన మతాన్ని స్వీకరిస్తేనే చికిత్స చేస్తానన్న షరతు పెట్టి ఉంటే ఆయనను గురించి నేను ఈ నాలుగు మాటలు వ్రాసి ఉండను. వచ్చినవారిలో అత్యధికులు విభూతి ధరించిన నుదుటితో, తిరునామంతో వచ్చి, అలాగే నయమై ఇంటికి వెళ్ళారు. వ్రణం కడిగిన చేయి ఆ నుదుటి గుర్తును చూసి వెనుకాడలేదు.

నచ్చని మాటలు, నిలిచిన సేవ

ఆయన వ్రాసిన ఇంగ్లీషు పుస్తకాలు అమెరికాలో ఎందరో చదివారు. 1896లో వెలువడిన పులుల అడవి కథల పుస్తకం వాటిలో ప్రసిద్ధమైనది. వాటిని మనం ఈనాడు చదివితే మనసు నొచ్చుకునే పుటలు తప్పక ఎదురవుతాయి. మన అర్చామూర్తులను ఆయన రాతి బొమ్మలుగా చూశారు. మన తీర్థయాత్రలను తీరని దాహంగా వర్ణించారు. గర్భాలయంలో దీపం వెలిగించి, ఆ వెలుగులో స్వామి ముఖాన్ని చూసే భాగ్యం కలిగిన నావంటివానికి ఆ మాటలు మింగుడుపడవు. శిలలో భగవంతుని ఆవాహన చేసుకుని, అభిషేకించి, నివేదించి, ఆయనతో బంధుత్వం కలుపుకునే మన మార్గంలోని సూక్ష్మం ఆయనకు అందలేదు.

అయినా ఆయన మన వాఙ్మయాన్ని చూడకుండా త్రోసిపుచ్చలేదు. తెలుగును పండితుల వద్ద శ్రద్ధగా నేర్చుకున్నారు. వేమన పద్యాలను కంఠస్థం చేసి, వీథులలో బోధించేటప్పుడు రాగయుక్తంగా చదివేవారు. మన పద్యాలను ఇంగ్లీషులోకి మార్చి తన దేశీయులకు వినిపించారు. హిందువులలో భగవంతుని కోసం నిజంగా తపించేవారు ఉన్నారని, వారి నైతిక చింతన గొప్పదని ఒప్పుకున్నారు. విమర్శించేవాడు ముందుగా మన భాష నేర్చుకుని, మన పద్యం చదివి, మన రచ్చబండ మీద కూర్చుని, మన ఎదుటనే మాట్లాడినప్పుడు, అతనితో విభేదించవచ్చు గాని అతనిని చిన్నచూపు చూడలేము. మన శాస్త్ర సంప్రదాయంలో పూర్వపక్షానికి ఉన్న స్థానం అదే కదా! ఎదుటివాని వాదాన్ని పూర్తిగా విన్న తరువాతనే సిద్ధాంతం చెప్పాలని మన ఆచార్యులు మనకు నేర్పారు.

తెలుగునకు చేసిన సేవ

కడపలో 1820లో ఉద్యోగం మొదలుపెట్టిన సి.పి. బ్రౌన్ దొరను తెలుగు లోకం తలచుకోని రోజు లేదు. ఆయన తండ్రి ఆంగ్లికన్ మతాచార్యుడే. బ్రౌన్ తాటాకు గ్రంథాలను వెదికి, తప్పులు దిద్దించి, నిఘంటువు నిర్మించి మన సాహిత్యాన్ని నిలబెట్టారు. చాంబర్లేన్ కృషి ఆ స్థాయిది కాదు. ఆయన శ్రమించినది తమ మత గ్రంథాల కోసం. తెలుగు బైబిలు పాత నిబంధన అనువాదాన్ని సవరించే సంఘానికి 1873 నుంచి సుమారు ఇరవై ఏండ్లు అధ్యక్షులుగా ఉన్నారు. తమ ఆరాధనా క్రమాన్ని తెలుగు చేశారు. కీర్తనల సంపుటం కూర్చారు.

ఇందులో మనకు పనికివచ్చే విశేషం ఒకటి ఉంది. ప్రజల భాషలో, ప్రజలకు తెలిసిన రాగంలో చెప్పనిదే భక్తి హృదయానికి చేరదని ఆయన గ్రహించారు. అన్నమాచార్యులు, త్యాగరాజస్వామి, భద్రాచల రామదాసు మనకు ఎప్పుడో నేర్పిన పాఠం ఇది. తెలుగు క్రైస్తవులు ఈనాటికీ తమ పాటలను కీర్తనలనే పిలుస్తారు. చర్చి వాకిట నుంచి ఆదివారం నాడు వినవచ్చే పాటలో మనకు తెలిసిన రాగఛాయ తగిలితే ఆశ్చర్యపోకండి. అది మన పాటకచేరీల చెట్టు నుంచి తీసుకుని నాటిన కొమ్మయే.

కలిసిన చర్చిలు

చాంబర్లేన్ మరొక విషయంలో తన కాలానికి ముందు నడిచారు. క్రైస్తవులలోను శాఖాభేదాలు మెండు. అమెరికా శాఖ, స్కాట్లండు శాఖ, ఇంగ్లండు శాఖ అంటూ పశ్చిమ దేశాలలో పుట్టిన తగవులను తెచ్చి ఇక్కడి పల్లెవారి నెత్తిన రుద్దడం తగదని ఆయన వాదించారు. ఇక్కడి చర్చి ఇక్కడివారిదే కావాలని, శాఖలన్నీ కలవాలని కోరారు. 1902లో దక్షిణ భారతంలోని కొన్ని శాఖలు కలిసి ఏర్పరచుకున్న సభకు తొలి అధ్యక్షులు ఆయనే.

1908 మార్చి 2న మదనపల్లెలో ఆయన కాలం చేశారు. అదే సంవత్సరం జులైలో దక్షిణ భారత ఐక్య చర్చి రూపుదిద్దుకుంది. ఆయన పోరిన ఐక్యత ఆయన కన్ను మూసిన నాలుగు నెలలకు ఒక అడుగు ముందుకు వేసింది.

అప్పటికింకా ఆంగ్లికన్ చర్చి, అంటే ఇంగ్లండు ప్రభువుల మతశాఖ, వేరుగానే ఉంది. తెలుగునాట ఆ శాఖకు పేరు తెచ్చినవారు దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912లో ఆయన ఆంగ్లికన్ బిషప్ పదవిని పొందిన తొలి భారతీయులయ్యారు. దోర్నకల్‌లో ఆయన పూనికతో వెలసి, 1939లో ప్రతిష్ఠ జరిగిన చర్చిని చూసినవారికి అది విదేశీ కట్టడంలా అనిపించదు. రాతి స్తంభాలతో మన ఆలయ మండపం గుర్తుకు వస్తుంది. గుమ్మటాలతో మసీదు గుర్తుకు వస్తుంది. ఈ నేల మీద ఆరాధించేవాడు ఈ నేల శిల్పంలోనే ఆరాధించాలన్న భావన అందులో ఉంది. ఆ అజరయ్యగారి చొరవతోనే 1919లో తరంగంబాడిలో ఆంగ్లికనులు, ఐక్య చర్చివారు కలిసి కూర్చుని మాటలు మొదలుపెట్టారు. ఇరవై ఎనిమిదేండ్లు చర్చలు సాగాయి. చివరకు 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మనం నేడు మదనపల్లె ప్రాంతంలో సి.ఎస్.ఐ. చర్చి అని పిలిచేది దానినే. చాంబర్లేన్ నాటిన విత్తు ఆ విధంగా ఆంగ్లికన్ ధారతో కలిసి ఒకే ప్రవాహమయింది.

ఊరికి మిగిలినది

ఆయన పోయిన తరువాత మదనపల్లెలో ఆ సేవ ఆగలేదు. కుమారులలో ఒకరైన లూయిస్ చాంబర్లేన్ ఇక్కడే పనిచేశారు. మరొకరు విలియం వేలూరులో కళాశాల ప్రధానాచార్యులయ్యారు. 1911లో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలసింది. గోషా వలన పురుష వైద్యుని ఎదుటికి రాలేని స్త్రీలకు ఆ ఆసుపత్రి, అక్కడి డాక్టర్ లూయిసా హార్ట్ కొండంత అండ అయ్యారు.

ఊరికి సమీపంలోని ఆరోగ్యవరం పేరు వినని తెలుగువాడు ఉండడు. క్షయ సోకినవాని చెంతకు రక్తసంబంధీకులు కూడా రావడానికి వెరచిన రోజులలో, పలు మిషన్‌లు కలిసి 1910 తరువాతి ఏండ్లలో అక్కడ శానిటోరియం నెలకొల్పాయి. డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ దానిని చిరకాలం నడిపించారు. మదనపల్లె చల్లగాలి, పౌష్టికాహారం, విశ్రాంతి - మందులు కనిపెట్టని కాలంలో క్షయరోగికి ఇవే మందులు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా వేయడం ప్రారంభమైన చోట్లలో మదనపల్లె ఒకటి. ఈనాడు మీ ఇంటి పసికందు భుజాన కనిపించే ఆ చిన్న మచ్చకు, ఈ మెరక సీమకు సంబంధం ఉందని తెలుసుకోండి.

ఆ రోజులలో ఆసుపత్రిలేని కుప్పంలో నేడు వైద్య కళాశాల ఉంది. 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయమూ ఉంది. కాలం మారింది. మారడానికి ముందు, బండి ఎక్కి రాలేని రోగి గుమ్మం దాకా వెళ్ళినవారిని మరువడం కృతఘ్నత అవుతుంది. కృతఘ్నతకు ప్రాయశ్చిత్తం లేదని మన ధర్మశాస్త్రాలు ఘోషిస్తున్నాయి.

మనలను మనం ప్రశ్నించుకోవలసిన చోటు

ఇక మొదట చెప్పిన సందేహానికి వద్దాం. ఆ చర్చిలో చేరినవారు ఎవరు? అగ్రహారాల వారు, భూస్వాములు అరుదు. ఎక్కువమంది మన ఊరి పొలిమేరలకు ఆవల ఉంచబడినవారు. చెరువు నీరు ముట్టకూడదన్నాం. వీథిలో నడవకూడదన్నాం. గుడి గోపురాన్ని దూరం నుంచి చూసి దండం పెట్టుకొని వెళ్ళిపొమ్మన్నాం. 1876-78 నడుమ ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు దక్షిణాదిని కబళించినప్పుడు, ఆకలితో పడిపోయినవానికి గంజి పోసిన చేయి ఎవరిదైతే వానికి ఆ చేయే దేవుని చేయి అయింది. అందులో వాని తప్పేమీ లేదు. మనం వదిలిన చేతిని మరొకరు పట్టుకున్నారు.

భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుని కథ మీకు తెలియనిది కాదు. నలభై ఎనిమిది దినాలు ఉపవసించిన ఆ రాజు, చివరకు లభించిన అన్నాన్ని అతిథులకు పంచి, మిగిలిన గుక్కెడు నీళ్ళు త్రాగబోయే వేళ దాహంతో ఒక అంత్యజుడు వచ్చాడు. రంతిదేవుడు అతనిలో శ్రీహరిని చూసి ఆ నీళ్ళు అతనికే పోశాడు. మోక్షం కూడా వద్దని, ప్రాణుల ఆర్తిని తాను అనుభవించి వారిని సుఖపెట్టగలిగితే చాలని కోరుకున్నాడు. ఈ కథను సప్తాహాలలో వందలసార్లు చెప్పినవాళ్ళం మనం. విన్నవాళ్ళం మనం. కాని ఊరి చివరి గుడిసె ముందు ఆ నీళ్ళ చెంబు పట్టుకుని నిలిచినవారు మనలో ఎందరు? రంతిదేవుని కథ తెలియని దేశం నుంచి వచ్చిన ఒక వైద్యుడు ఆ పని చేశాడు. కథ తెలిసిన మనం చేయలేదు. ఈ లెక్క నన్ను ఎన్నో ఏండ్లుగా బాధిస్తున్నది.

మద్రాసు రాష్ట్రంలో అందరికీ ఆలయ ప్రవేశం కల్పించే చట్టం వచ్చినది 1947లో. చర్చిలు కలిసినదీ 1947లోనే. వారు తమలోని గోడలను తాము కూర్చుని మాట్లాడుకుని తొలగించుకున్నారు. మన గుడి తలుపులకు చట్టం కావలసి వచ్చింది. ఈ మాట వ్రాయడం ఒక అర్చకునికి సులభం కాదు. తాళం చెవులు చేతిలో ఉన్నవారమే తలుపులు మూశామన్నది కాదనలేని నిజం.

దీనికి ప్రతిక్రియ ద్వేషం కాదు. మతం మారినవారిని నిందించడం వలన గాని, మార్చినవారిని దూషించడం వలన గాని మన ధర్మానికి ఒక్క దీపం కూడా అదనంగా వెలగదు. ఎవరు ఏ రూపాన్ని శ్రద్ధతో కొలిచినా ఆ శ్రద్ధను తానే స్థిరపరుస్తానని గీతాచార్యుడు అర్జునునికి హామీ ఇచ్చాడు. ఆ హామీని నమ్మినవాడు పొరుగువాని ప్రార్థనకు బెదరడు. ప్రతిక్రియ ఏమిటంటే, ఆయన చేసిన మంచి పనిని మనం మన స్వామి పేర చేయడమే. మన దేవస్థానాలలో ఆసుపత్రులు నెలకొన్నాయి, అన్నదానాలు సాగుతున్నాయి. ఇవి ఇంకా పెరగాలి. గుడికి వచ్చినవారికే కాక, గుడికి రాలేనివారి గుమ్మానికి ప్రసాదం చేరాలి.

మదనపల్లె వైపు వెళ్ళినప్పుడు మీరు ముందుగా మీ ఇష్టదైవాన్ని దర్శించుకోండి. ఆపైన, ఆ ఊరి ఆసుపత్రుల వాకిళ్ళ ముందు, ఆరోగ్యవరం చెట్ల నీడన ఒక్క నిమిషం నిలవండి. ఆ నేలమీద విశ్వాసంలో మనతో విభేదించి, వేదనలో మన ప్రక్కన నిలిచిన ఒక వైద్యుడు నలభై ఏండ్లకు పైగా నడిచాడని తలచుకోండి. మన ధన్వంతరికి చేసే నమస్కారంలో కొంత భాగం ఆయనకూ చెందనివ్వండి. స్వామి ఆక్షేపించడు. ఇంటికి తిరిగి వచ్చాక మీ వీథిలో మంచం పట్టినవారెవరో, వారికి మందు తెచ్చి ఇచ్చేవారున్నారో లేదో ఒక్కసారి విచారించండి. ఈ చరిత్ర చదివిన ఫలం అప్పుడు సిద్ధిస్తుంది.

సర్వేజనాః సుఖినో భవంతు.